వీపు కొలిచి జీను కొనాలి



ఎద్దుల్ని కట్టి సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాడి కుదరకపోతే ఎద్దు బాగా లాగదు. పక్కకు తోస్తుంది, మెడ దించేస్తుంది, కాడి ఎత్తగానే వెనక్కి జరుగుతుంది. అలాంటప్పుడు మా నాన్న ములుగర్ర తీసేవాడు కాదు. ముందు కాడి దింపి, మెడ మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. వేడిగా ఉందా, వాచిందా, వెంట్రుక రాలిందా అని. మనం కాడి అనేదాన్ని పక్కింటి కన్నడంవాళ్లు నొగ అంటారు. మనకేమో నొగ అంటే బండికి ముందుండే పొడుగు కర్ర. మాటలు అటూ ఇటూ మారినా, మెడ మీది పుండు ఏ భాషలోనైనా ఒక్కలాగే మండుతుంది.

ఈ రోజు నేను చెప్పబోయేది ఎద్దు గురించి కాదు, ఒక గుర్రం గురించి. అదీ మన ఊరి గుర్రం కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న గుర్రం. మా అక్కావాళ్లు అక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది. వాళ్లమ్మాయికి 15 ఏళ్లు. ఆ పిల్ల అక్కడి ఆడపిల్లలు ఇష్టంగా ఆడే ఒక గుర్రప్పందెం నేర్చుకుంటోంది. తన గుర్రం బెల్లం రంగులో ఉంటుందని దానికి బెల్లం అనే పేరు పెట్టుకుంది.

పోయిన ఏడాది ఒక రాత్రి ఆ పిల్ల ఫోనులో ఏడ్చింది. "పిన్నీ, బెల్లాన్ని అమ్మేస్తామంటున్నారు. మొండిదైపోయిందట. జీను తెస్తే చాలు చెవులు వెనక్కి పెట్టి కరవబోతోంది" అంది. నేను గుర్రాల పండితురాలిని కాను, బడిపంతులమ్మను. కాని నాకు మా నాన్న అరచెయ్యి గుర్తుకొచ్చింది. "జీను తీసి వీపు తడిమి చూశారా తల్లీ?" అని అడిగాను. అటువైపు కాసేపు మాట లేదు.

ముందు ఆ పందెం ఏమిటో చెప్పాలి. దాన్ని బ్యారెల్ రేసింగ్ అంటారు. మనం పీపాల పందెం అనుకుందాం. మైదానంలో మూడు పీపాలు త్రికోణంగా నిలబెడతారు. మన దగ్గర డీజిలు పోసుకునే 200 లీటర్ల డ్రమ్ముల్లాంటివే. ప్రామాణికమైన కొలతల ప్రకారం మొదటి రెండు పీపాల మధ్య 90 అడుగులు, మూడోది ఆ రెండింటికీ 105 అడుగుల దూరం. బయలుదేరే గీత నుంచి మొదటి పీపాకు 60 అడుగులు. గుర్రం పరుగున వచ్చి ఒక పీపాను ఒకవైపుకు, తక్కిన రెంటినీ రెండోవైపుకు చుట్టి, తిన్నగా గీత దాటాలి. ఆ దారి మూడు రేకుల ఆకులా ఉంటుంది. పీపాను తాకినా ఫర్వాలేదు, పడేస్తే మాత్రం 5 సెకన్లు కలుపుతారు. ఇంత పెద్ద మైదానాన్ని మంచి గుర్రం 17 సెకన్ల చుట్టుపక్కల ముగించేస్తుంది. అంటే 5 సెకన్ల శిక్ష పడ్డాక ఇక గెలుపు మాట మరచిపోవలసిందే.

1948లో టెక్సాస్‌లోని శాన్ ఆంజెలోలో పశువుల క్షేత్రాల ఆడవాళ్లు కొందరు కూడి, తమ పందేలకు తామే నియమాలు పెట్టుకుని ఒక సంఘం కట్టారు. 1981 నుంచి అది మహిళా వృత్తి రోడియో సంఘంగా నడుస్తోంది. ఈ పందెంలో అందరూ చెప్పుకునే పేరు షార్మేన్ జేమ్స్. ఆమె తన గుర్రం స్కాంపర్ మీద 1984 నుంచి 1993 దాకా వరసగా పది సార్లు ప్రపంచ విజేత. 1985 జాతీయ పోటీల్లో ఒక రోజు పరుగు మధ్యలో కళ్లెం ఊడిపోయింది. అయినా ఆ గుర్రం పీపాలన్నీ చుట్టి ఆ రోజు పందెం గెలిచింది. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి గుర్రాలు కళ్లేనికి భయపడి పరుగెత్తేవి కావు. పరుగంటే వాటికి ఇష్టం. ఆ ఇష్టమున్న గుర్రం ఒకనాడు పీపా దగ్గర దూరంగా జరిగిపోతోందంటే, మైదానంలోకి రానని మొరాయిస్తోందంటే, కారణం వెతకాలి. మొండి అనే మాట కారణం కాదు. మనం వెతకడం మానేశామనడానికి గుర్తు మాత్రమే.

ఇక జీను సంగతి. అమెరికా పడమటి పద్ధతి జీనుకు లోపల ఒక చట్రం ఉంటుంది. కొయ్యదో, ఫైబర్‌దో. అందులో వెన్నెముకకు అటొకటి ఇటొకటి రెండు పొడవాటి పలకలు. మనిషి బరువంతా ఆ రెండు పలకల మీదుగా వీపు కండరాల మీదికి దిగుతుంది. వెన్నుపూసల మీద బరువు పడకూడదు, నడుమ ఖాళీ ఉండాలి. పలకల కింద, చుట్టూ వెడల్పాటి తోలు అంచు. ముందు పట్టుకోవడానికి కొమ్ము, వెనక ఎత్తయిన గట్టు. పీపాల పందేనికి చేసే జీను తక్కిన పశుక్షేత్రాల జీనుల కంటే తేలిక. కూర్చునే చోటు లోతు. కొమ్ము సన్నగా పొడుగ్గా ఉంటుంది, మలుపులో పట్టుకుని నిలదొక్కుకోవడానికి.

మలుపులో ఏం జరుగుతుందో కాస్త ఊహించండి. గుర్రం ముందుకాలు చాచినప్పుడు భుజం రెక్క ఎముక పైకొన వెనక్కి తిరుగుతుంది. అదే క్షణంలో వెనక కాళ్లు పొట్ట కిందికి లాక్కుని, వీపు పైకెత్తి, పక్కకు వంగాలి. పైన ఉన్న పిల్ల లోతుగా కూర్చుని బరువు వెనక్కి వేస్తుంది. జీను సరిగ్గా లేకపోతే ముందు పలక కొన రెక్క ఎముకను అడ్డుకుంటుంది, వెనక కొన నడుములో గుచ్చుకుంటుంది. ఆ బాధ తప్పించుకోవడానికి గుర్రం వీపు కిందికి దించేస్తుంది. వీపు దించితే వెనక కాళ్లు కిందికి రావు. వెనక కాళ్లు రాకపోతే మలుపు వెడల్పవుతుంది. చూసేవాళ్లు మాట వినడం లేదంటారు. నిజానికి అది బాధ చెబుతోంది.

పొట్టి వీపు గుర్రానికి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఈ పందెంలో ఎక్కువగా కనిపించే క్వార్టర్ గుర్రం పావు మైలు పరుగులకు పేరుపడ్డ జాతి. అందులో గట్టి కండ, పొట్టి వీపు ఉన్నవి చాలా. అరబ్బీ గుర్రాల వీపూ పొట్టిదే. మామూలు గుర్రానికి 18 జతల పక్కటెముకలుంటే, అరబ్బీల్లో చాలావాటికి 17 జతలే. పొట్టి వీపు లోపం కాదు. త్వరగా తిరగడానికి అది ఒక వరం. కాని జీను పెట్టుకునే చోటు మాత్రం తక్కువ.

ఆ చోటు ఎక్కడి నుంచి ఎక్కడికి? ఇదే ముఖ్యమైన ప్రశ్న. ముందు హద్దు రెక్క ఎముక వెనక అంచు. వెనక హద్దు చివరి పక్కటెముక. చివరి పక్కటెముకను డొక్క దగ్గర వేలితో తడిమి, అది వంగి పైకి వెళ్లే దారిని వెన్ను దాకా అనుసరిస్తే హద్దు దొరుకుతుంది. ఆ తరవాత ఉండేది నడుము. అక్కడ వెన్నుకు కింద పక్కటెముకల ఆసరా లేదు. మనం పడకమంచం పట్టె మీద కూర్చుంటాం గాని నవారు అంచు మీద కూర్చోం గదా, అలాగన్నమాట. మనిషి బరువు ఆ హద్దు దాటకూడదు. తోలు అంచు కొంచెం దాటినా బరువు మోయకపోతే ఇబ్బంది లేదు, కాని అది తుంటి ఎముకకు తగలకూడదు.

బెల్లం విషయంలో ఏం జరిగిందో వినండి. ఎవరో పెద్ద పందేలు గెలిచిన ఆవిడ వాడే రకమని, చూడ్డానికి మెరుపుగా ఉందని, వెయ్యి డాలర్ల పైన పెట్టి జీను కొన్నారు. కొనేటప్పుడు పిల్లను కూర్చోబెట్టి చూశారు. గుర్రాన్ని చూడలేదు. ఆ జీను తోలు అంచు నలుచదరంగా, 28 అంగుళాల పొడవు. నేను కొలవమన్నాక మా బావగారు టేపు పట్టి కొలిచారు. రెక్క ఎముక వెనక నుంచి తుంటి ఎముక దాకా 25 అంగుళాలే వచ్చింది. తోలు తుంటికి తగులుతోందని వాళ్లూ గమనించారు. దానికి వాళ్లు చేసిన వైద్యమేమిటంటే, జీనును 3 అంగుళాలు ముందుకు జరిపి బిగించడం. దాంతో పలకలు రెక్క ఎముకల మీదికి ఎక్కాయి. వెనక నొప్పి పోయి ముందు నొప్పి వచ్చింది. మూపు పక్కన రెండు చోట్ల రూపాయి బిళ్లంత మేర తెల్ల వెంట్రుకలు మొలిచాయి. ఒత్తిడికి వెంట్రుక కుదుళ్లు దెబ్బతింటే అక్కడ రంగు పోయి తెల్లగా వస్తుంది. ఎద్దు మెడ మీద మనం చూసేదే.

మరి సరైన జీను ఎలా వెతకాలి? నాకు తెలిసినంతలో, మా అక్కావాళ్లు ఒక అనుభవమున్న జీను పనివాడి దగ్గర నేర్చుకుని చేసిన పద్ధతి చెబుతాను.

మొదట గుర్రాన్ని చదునైన నేల మీద, నాలుగు కాళ్లూ సమంగా ఉండేలా, తల తిన్నగా ఉండేలా నిలబెట్టాలి. ఇందాక చెప్పిన రెండు హద్దులూ సుద్దముక్కతో గీయాలి. మధ్య దూరం కొలిచి రాసుకోవాలి. తరవాత వంచితే వంగి అలాగే ఉండే మందపాటి కరెంటు తీగ ఒకటి తీసుకోవాలి. రెక్క ఎముక వెనక వీపుకు అడ్డంగా వేసి, రెండు పక్కలా ఆనేలా నొక్కాలి. ఆ వంపు చెడకుండా ఎత్తి అట్టమీద పెట్టి పెన్సిలుతో గీయాలి. అలాగే వీపు మధ్యలో ఒకటి, చివరి పక్కటెముక దగ్గర ఒకటి. నాలుగోది వీపు పొడవునా, వెన్నుకు కాస్త పక్కగా. ఈ నాలుగు అట్టలూ కత్తిరించి పెట్టుకుంటే గుర్రం వీపు మన సంచిలో ఉన్నట్టే. దుకాణానికి గుర్రాన్ని తీసుకుపోలేం, అట్టల్ని తీసుకుపోగలం.

రెండోది, జీను మీది చీటీని నమ్మి ఊరుకోకూడదు. సెమీ క్వార్టర్, ఫుల్ క్వార్టర్ అని వెడల్పులకు పేర్లు పెడతారు. కాని ఒక తయారీదారు సెమీ అన్నది మరొకరి ఫుల్‌తో సరిపోవచ్చు. చెప్పుల అంకెలు కంపెనీ కంపెనీకీ మారినట్టే ఇది కూడా. జీను మీద రాసే 14, 15 అంగుళాలన్నది మనిషి కూర్చునే చోటి కొలత. అది గుర్రం వీపు కొలత కాదు. పొట్టి వీపుకు అడగవలసింది గుండ్రంగా కోసిన తోలు అంచు, దాని మొత్తం పొడవు, లోపలి పలకల పొడవు.

మూడోది పరీక్ష. కింద మెత్త వేయకుండా వట్టి జీనును మూపు మీద కొంచెం ముందుగా పెట్టి, నెమ్మదిగా వెనక్కి జరపాలి. ఒకచోట అది తనంతట తాను కుదురుకుంటుంది. అదే దాని చోటు. అక్కడి నుంచి మనం ముందుకు నెట్టకూడదు. ఇప్పుడు మూపుకూ జీను వంపుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పలక కింద అరచెయ్యి దూర్చి ముందు నుంచి వెనక దాకా జరపాలి. ఒత్తిడి అంతటా ఒకేలా తగలాలి. రెండు కొనలూ ఆని మధ్యలో చెయ్యి సులువుగా దూరితే అది వంతెన కట్టిన జీను. బరువంతా నాలుగు చోట్లే పడుతుంది. మధ్యలో ఆని కొనలు లేస్తూ ఉంటే అది ఊయల జీను. రెండూ పనికిరావు.

నాలుగోది పొట్టి వీపుకు ప్రత్యేకం. జీను పెట్టాక గుర్రం డొక్క దగ్గర ఒక క్యారెట్ ముక్క చూపించాలి. అది తల తిప్పి వంగుతుంది. అప్పుడు తోలు అంచు తుంటికి తగులుతోందేమో, ముందు కొన రెక్క ఎముకను ఒత్తుతోందేమో చూడాలి. రెండు పక్కలా చూడాలి. నిలబడ్డప్పుడు సరిపోయిన జీను వంగినప్పుడు సరిపోకపోవచ్చు. పందెమంతా ఉన్నది వంగడంలోనే గదా.

అయిదోది చెమట. మెత్త వేసి, పట్టీ బిగించి, గుర్రానికి చెమట పట్టేదాకా పని చేయించి, జీను దింపి వీపు చూడాలి. రెండు పక్కలా తడి సమంగా ఉండాలి. చుట్టూ తడిసి, మధ్యలో అరచేతి కంటే చిన్న పొడి మచ్చ కనిపిస్తే, అక్కడ మరీ ఒత్తుతోందో, లేక అసలు ఆనడం లేదో చేత్తో తడిమి తేల్చుకోవాలి. నొక్కితే గుర్రం వీపు దించినా, చర్మం వణికించినా జవాబు వచ్చినట్టే. అందుకే కొన్నాళ్లు వాడి చూసి, కుదరకపోతే వెనక్కి తీసుకుంటామనే చోటే జీను కొనాలి. ఈ మాట డబ్బు చెల్లించకముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఇక్కడ అందరూ చేసే ఒక పొరపాటు చెప్పాలి. జీను కుదరలేదంటే ఇంకో మెత్త వేయమంటారు. బిగుతు బూటులో రెండు మేజోళ్లు వేసుకుంటే కాలికి సుఖమా? ఇరుకు జీను కింద మెత్త మందమైన కొద్దీ మరింత ఇరుకవుతుంది. మంచి మెత్త చెమట పీలుస్తుంది, అదురు తగ్గిస్తుంది. చట్రం తప్పును మాత్రం దిద్దలేదు.

జీను మార్చినా బాధ పోకపోతే పళ్లు, గిట్టలు, కాళ్లు, కడుపులో పుండు, ఇవన్నీ పశువైద్యుడు చూడవలసినవి. అన్నిటికీ జీనే కారణమని నేననను. ముందుగా, ఖర్చు లేకుండా మన చేత్తో చూడగలిగింది అదే గనుక ముందు దాన్ని చూడమంటున్నాను.

అట్టల సంగతి మన దేశానికీ వర్తిస్తుంది. కాన్పూరు జీనుల పనికి పెట్టింది పేరు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి నుంచి జీనులు ఎన్నో దేశాలకు ఓడలెక్కుతాయి. కుట్టే మనిషి చెయ్యి ఎంత మంచిదైనా, తాను చూడని గుర్రం వీపు అతనికి తెలియదు. కొలత పంపవలసిన పూచీ కొనేవాళ్లదే.

చివరికి బెల్లం ఏమైందంటారా? మూడు జీనులు తెచ్చి చూసి, మూడూ తిప్పి పంపారు. నాలుగోది ఎవరో వాడినది, తోలు వెలిసిపోయింది, మెరుపు లేదు. తోలు అంచు గుండ్రంగా 24 అంగుళాలు. తీగ అట్టలు దాని పలకల కింద కుదిరాయి. వెంటనే ఎక్కలేదు. వీపు చల్లబడేదాకా ఆరు వారాలు ఊరికే చేత్తో నడిపించారు. బెల్లం గొప్ప పందేలేమీ గెలవలేదు. ఆ తెల్ల వెంట్రుకలూ మళ్లీ ఎర్రబడలేదు, ఇక ఎర్రబడవు కూడా. కాని మొన్న ఆ పిల్ల ఫోను చేసి ఒక్క మాట చెప్పింది. "పిన్నీ, ఇప్పుడు జీను తెస్తుంటే చెవులు ముందుకు పెడుతోంది" అని. అమ్మే మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

శ్రోతలారా, మన ప్రాంతంలో పీపాల పందెం లేదు. కాని పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని నడిపేవాళ్లు ఉన్నారు. చాకిరేవుకు, ఇటుక బట్టీకి గాడిదను తోలేవాళ్లు ఉన్నారు. ఇంకా ఎద్దుల్ని వదలని రైతులున్నారు. జీను, గంత, కాడి, ఏదైనా దింపిన ప్రతిసారీ దాని కింద ఒకసారి అరచెయ్యి ఆనించండి. వేడిగా ఉందా, వాచిందా, వెంట్రుక రాలిందా చూడండి. ఏడాదికోసారి కొలత మళ్లీ తీయండి. పశువు మేసినా, చిక్కినా, ఎదిగినా వీపు మారుతుంది.

నేను బడిలో ఒక పిల్లవాడు కుదురుగా కూర్చోవడం లేదని తిట్టబోయిన రోజుల్లో, ముందు వాడి బల్ల చూడడం నేర్చుకున్నాను. ఒకసారి నిజంగానే బల్లలో మేకు లేచి ఉంది. పిల్లవాడైతే ఎప్పుడో ఒకప్పుడు చెబుతాడు. నోరులేని జీవి చెప్పలేదు. అది చెప్పే పద్ధతిని మనం మొండితనం అంటున్నామేమో, ఒకసారి చూసుకుందాం.